పచ్చచుక్కని చూసి పడుకున్న రాత్రి

ఈ టపా రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించా. మామూలుగా నేను ఇక్కడ రాసేవి రెండే రకాలు. ఒకటి, ఆఫీసులో తగిలిన ఏదో ఒక డేటాబేసు తలనొప్పి. రెండు, మా నెల్లూరు తిండి. ఈసారి ఆ రెండూ ఒకదాన్లో ఒకటి పడ్డాయి, అంత నవ్వొచ్చే పద్ధతిలో మాత్రం కాదు.

మా ఊరు మనుబోలు. నెల్లూరు నించి గూడూరు వైపు హైవే మీద వస్తుంటే తగుల్తుంది. విజయవాడ - చెన్నై రైల్లో తిరిగేవాళ్ళు మా స్టేషన్ని చాలాసార్లే దాటి ఉంటారు గానీ, మీ రైలు అక్కడ ఆగదు కాబట్టి బోర్డు చదివేలోపే వెళ్ళిపోయి ఉంటుంది. ఊరి చుట్టూ వరి. తూర్పుకి పోయేకొద్దీ కండలేరు పాయ, ఉప్పునీళ్ళు, రొయ్యల గుంటలు. (గోదావరి వైపు వాళ్ళు చెరువులంటారు. మేం గుంటలంటాం. చెరువంటే మాకు వరికి నీళ్ళిచ్చేది.)

మా నాయనకి అక్కడ మూడెకరాల్లో రెండు గుంటలున్నాయి. ఆయనది పాత కథ. తొంభైల్లో టైగర్ రొయ్య మా జిల్లాలో జనాన్ని కోటీశ్వరుల్ని చేస్తున్న రోజుల్లో దిగాడు. 1994-95లో తెగులు వచ్చి గుంటలకి గుంటలు తుడిచిపెట్టుకు పోయినప్పుడు అందరితో పాటు ఆయనా పోయాడు. 1996 డిసెంబర్లో సుప్రీం కోర్టు తీరం వెంబడి ఉన్న రొయ్యల సాగు మీద తీర్పిచ్చేనాటికి ఆయన మళ్ళీ వరిలోకి వచ్చేశాడు. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక, ఊర్లో నలుగురు పెట్టి బాగుపడ్డం చూశాక, మళ్ళీ గుంటలు తవ్వించాడు. అప్పట్నించీ ఆయన రాత్రి పూర్తిగా నిద్రపోయింది లేదు.

ఎందుకంటే రొయ్యకి గండం తెల్లవారుజామున. పగలు ఎండకి నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే అదే నాచు ఆక్సిజన్ని తినేస్తుంది, రొయ్యలూ తింటాయి, అడుగున కుళ్ళే మేత కూడా తింటుంది. చీకటి పడ్డప్పట్నించీ తరుగుతూ తరుగుతూ సూర్యుడు రాబోయే ముందు అడుగంటుతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాములుంటే ఫర్వాలేదు. 3 కంటే దిగితే రొయ్య ఇబ్బంది పడుతుంది. ఇంకా దిగితే పైకి తేలుతుంది. తేలిందంటే ఇక అయిపోయినట్టే. అందుకే ఏరియేటర్లు. అందుకే మా నాయన రాత్రి రెండింటికి లేచి, టార్చి పట్టుకుని, బండేసుకుని పావుగంట దూరం పోయి గట్టు మీద ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. ఏం చూస్తావు నాయనా అంటే చెప్పలేడు. నీళ్ళ వాసన, రంగు, టార్చి వెలుగులో రొయ్య కళ్ళు ఎట్టా మెరుస్తాయి, ఫ్యాన్ల చప్పుడు. ఇవన్నీ కలిపి ఒక లెక్క ఆయన బుర్రలో.

మన మాటల్లో చెప్పాలంటే పాతికేళ్ళ డేటా మీద ట్రైనింగ్ అయిన మోడలన్నమాట :-)

2021లో ఇంటి నించే పని కదా, నేను ఏడు నెలలు మనుబోల్లో ఉన్నా. హైదరాబాదులో నా ఉద్యోగం ఏంటంటే, ఒకే డేటాకి మూడు చోట్ల మూడు కాపీలు పెట్టి, ఆ మూడూ ఒకే మాట చెప్పేలా చూసుకోవడం. పధ్నాలుగేళ్ళుగా అదే పని. అలాంటివాణ్ణి ఇంట్లో పెట్టుకుని డెబ్భయ్యేళ్ళకి దగ్గర పడుతున్న మనిషి అర్ధరాత్రి బండి మీద పోవడమా? నామోషీగా అనిపించింది. ఆక్సిజన్ కొలిచే ప్రోబులు రెండు కొన్నా. ఒక ఈఎస్పీ 32 బోర్డు, సిమ్ కార్డు వేసే మాడ్యూలు, సోలార్ పలక, బ్యాటరీ, ప్లాస్టిక్ డబ్బా. పది నిమిషాలకోసారి రీడింగు తీసి అద్దె సర్వరుకి పంపుతుంది. సర్వరు దాన్ని చూసి, 3.5 కంటే దిగితే నాయన ఫోనుకీ నా ఫోనుకీ అలారం కొడుతుంది. ఫోన్లో ఒక పేజీ. గుంటకొక గుండ్రటి చుక్క. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రగా ఉంటే పరిగెత్తాల్సినట్టు.

డబ్బా బిగించిన రోజు నాయన దాన్ని చుట్టూ తిరిగి చూసి ఒక ప్రశ్న అడిగాడు. "సరే అబ్బయా, ఇది ఏం చెప్పకపోతే గుంట బాగుండాదని అర్థమా, లేకపోతే ఇదే పోయిందని అర్థమా?"

"పోదులే నాయనా" అన్నా.

పధ్నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాడి జవాబది. దయచేసి గుర్తుపెట్టుకోండి.

2022 ఫిబ్రవరి నించి జూన్ దాకా మొదటి పంట. డబ్బా అద్భుతంగా పనిచేసింది. మూడుసార్లు అలారం కొట్టింది, మూడుసార్లూ నిజమే. నాయన మొదట్లో అలారం వచ్చినా రాకపోయినా రెండింటికి పోయేవాడు. ఏప్రిల్ వచ్చేసరికి వారానికి నాలుగు రోజులు పోయేవాడు. మే నెలలో అమ్మ ఫోన్ చేసి "మీ నాయన రాత్రి నిద్రపోతన్నాడ్రా" అని చెప్పినప్పుడు నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ వారమే నాకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది, అది గుర్తులేదు, ఇది గుర్తుంది.

అదే ఊపులో కొంచెం మెషీన్ లెర్నింగ్ కూడా కలిపా. నిజానికి ఈ లెక్క కొత్తదేం కాదు. అమెరికాలో క్లాడ్ బాయిడ్ బృందం 1978లోనే క్యాట్‌ఫిష్ గుంటల కోసం ఒక పద్ధతి చెప్పింది: పొద్దుగూకినప్పుడొకసారి, రెండు మూడు గంటలాగి ఇంకోసారి ఆక్సిజన్ కొలిచి, ఆ రెండు చుక్కల్నీ కలిపి గీత గీసి తెల్లవారుజాము దాకా పొడిగించడమే. స్కేలూ పెన్సిలూ చాలు. నేను దాన్నే నాలుగు నెలల డేటా పోసి, ఉష్ణోగ్రత, ఎండ, మేత లెక్క కలిపి పెద్ద మోడలు చేశా. ఎండాకాలమంతా గీత కంటే కాస్త మెరుగ్గానే చెప్పింది. కాస్తంటే కాస్తే. కానీ "మా నాయన గుంటలకి మోడల్ పెట్టా" అని చెప్పుకోడానికి బాగుంటుంది కదా.

గమనించే ఉంటారు. డేటా మొత్తం ఫిబ్రవరి నించి జూన్ వరకు. మా జిల్లాలో అసలు వాన పడేది అక్టోబరు నించి డిసెంబరు దాకా.

రెండో పంట ఆగస్టులో వేశారు. నవంబరు వచ్చేసరికి రొయ్య పెరిగి పట్టుబడికి దగ్గర పడింది. ఆ రోజుకి మూడ్రోజులుగా ముసురు. ఎండ లేదు. రాత్రి పది గంటలకి నా మోడలు తెల్లవారుజామున 3.4 ఉంటుందని చెప్పింది. కొంచెం తక్కువే, అయినా ఏరియేటర్లు తిరుగుతున్నాయి కదా. ఆ సంగతి మోడలుకి వేరే చెప్పనక్కర్లేదు, ఎందుకంటే దాని చిన్న జీవితంలో ఏరియేటర్లు ఆగిన రాత్రే లేదు.

నేను హైదరాబాదులో ఉన్నా. రాత్రి 2:40కి దాహమేసి లేచా. అలవాటుగా ఫోన్ తీసి చూశా. రెండు చుక్కలూ పచ్చగా ఉన్నాయి. మొదటి గుంట 4.1. నీళ్ళు తాగి పడుకున్నా.

ఆ పచ్చచుక్క కింద, చిన్న బూడిదరంగు అక్షరాల్లో, నేనే స్వయంగా పెట్టిన ఒక లైనుంది. "చివరి రీడింగు: 1:12". దాన్ని చదవలేదు. చదవకుండా ఉండేలా దాన్ని డిజైన్ చేసింది కూడా నేనే.

ఏం జరిగిందో తర్వాత డబ్బాలోని మెమరీ కార్డు చెప్పింది. ఒంటిగంట దాటాక కరెంటులో ఒక ఫేజు పోయింది. మోటార్లన్నీ త్రీఫేజు, స్టార్టర్లు ట్రిప్పయ్యి ఏరియేటర్లు ఆగిపోయాయి. కానీ కాపలా షెడ్డులో బల్బు వేరే ఫేజు మీదుంది. అది వెలుగుతూనే ఉంది. కాపలా తాత మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి చూశాడంట, బల్బు వెలుగుతోంది, అంటే కరెంటుంది, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. రేకుల మీద వాన మోతలో ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయిన సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆయన బల్బూ నా చుక్కా ఒకటే జాతి.

ఊర్లో సెల్ టవరు కూడా అదే సమయానికి పోయింది. నేను కరెంటు పోవడాన్నీ సిగ్నలు పోవడాన్నీ రెండు వేర్వేరు ప్రమాదాలుగా లెక్కేసుకున్నా. రెండూ ఒకేసారి జరిగే అవకాశం ఎంత తక్కువో అని గుణించుకుని సంతోషపడ్డా కూడా. కానీ రెండిటికీ తల్లి ఒకటే. ముసురు.

డబ్బా మాత్రం దాని పని అది చేసింది. 1:22కి 3.9. 1:52కి 3.3. 2:32కి 2.6. 3:12కి 1.9. ప్రతి రీడింగు పక్కనా ఒకే వాక్యం: పంపలేకపోయా, మళ్ళీ ప్రయత్నిస్తా. 1:22 నించి 5:12 దాకా 24 సార్లు. చాలా మర్యాదస్తుడైన కోడు. సర్వర్ని ఇబ్బంది పెట్టకూడదని ప్రతిసారీ కొంచెం ఎక్కువసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించేలా రాశా దాన్ని.

తెల్లవారబోతుండగా కాపలా తాత బైటికొచ్చి చూస్తే గట్టు పొడుగునా కొంగలు వాలి ఉన్నాయంట. ఫోన్ కలవక సైకిలేసుకుని ఊర్లోకి వచ్చాడు. నాయన వెళ్ళేసరికి మొదటి గుంట అంచులన్నీ తెల్లగా ఉన్నాయి. రెండో గుంటలో సగం మిగిలింది. చచ్చిన రొయ్య గంటల్లో రంగు మారిపోతుంది, అప్పటికప్పుడు దొరికినవాడికి, వాడు చెప్పిన రేటుకి ఇచ్చేయాల్సిందే. లెక్క చూస్తే ఆరు లక్షల పైచిలుకు నష్టం.

ఉదయం 6:05కి టవరు తిరిగొచ్చింది. నా ఫోన్లో వరసగా టింగు టింగుమని అలారాలు, రాత్రి నించి దాచుకున్నవన్నీ, క్రమం తప్పకుండా, ఒక్కటీ పోకుండా వచ్చాయి. మా ఫీల్డులో దీన్ని ఈవెంచువల్ కన్సిస్టెన్సీ అంటాం. ఆలస్యమైతే అయింది, చివరికి అన్ని కాపీలూ ఒకే మాట చెబుతాయి. నేను దీని మీద ఆఫీసులో కొత్తవాళ్ళకి గంటన్నర క్లాసు చెప్తుంటా. అందులో 2007 నాటి అమెజాన్ వాళ్ళ డైనమో పేపరు ఉదాహరణ ఒకటి వస్తుంది. షాపింగు బుట్ట ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, అందులో పాత వస్తువొకటి కనపడితే కొంపలేం మునగవు అని. ఎరిక్ బ్రూవర్ 2000లో చెప్పిందీ అదే కదా, నెట్‌వర్కు తెగినప్పుడు తాజా జవాబు కావాలో, ఏదో ఒక జవాబు కావాలో ఎంచుకోమని. నేను ఎంచుకున్నా. ఎంచుకున్నానని కూడా తెలియకుండా, షాపింగు బుట్టకి పనికొచ్చేదాన్ని తెచ్చి మా నాయన గుంటకి తగిలించా.

నాయన అరవలేదు. అరిచినా బాగుండేది. మధ్యాహ్నం నేను దిగేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చాలాసేపటికి ఒక్క మాటన్నాడు.

"నువ్వు చూస్తన్నావు గదా అని నేను పండుకున్నా. నేను చూస్తంటాలే అని నువ్వు పండుకున్నావు."

నిజమే. నాకెందుకో మనసులో ఒక మూల, ఎంతైనా ఆయన రెండింటికి పోతాడులే అనే ధీమా ఉండేది. ఆయన మానేశాడని గర్వపడింది నేనే, ఆయన పోతాడని నమ్మిందీ నేనే.

తర్వాత కొన్ని వారాలు నిద్ర పట్టక పాత పేపర్లన్నీ తీశా. ఎం.టెక్‌లో మార్కుల కోసం చదివినవి. 1985లో ఫిషర్, లించ్, పాటర్‌సన్ ముగ్గురూ నిరూపించిందేమిటి? సందేశాలు ఎంతసేపటికి చేరతాయో హామీ లేని చోట, ఒక్క యంత్రం చచ్చిపోయే అవకాశం ఉన్నా సరే, మిగతావన్నీ కచ్చితంగా ఒక నిర్ణయానికొస్తాయని హామీ ఇవ్వగల పద్ధతి లేదు. దాని మూలంలో ఉన్న ఇబ్బంది చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. అవతలివాడు పలక్కపోతే, చచ్చాడో నిదానంగా ఉన్నాడో ఇక్కణ్ణించి చెప్పలేం. నాయన డబ్బా చుట్టూ తిరిగి అడిగిన ప్రశ్న అదే. 1996లో చంద్ర, టూయెగ్ అని ఇద్దరు దీనికో దారి చూపించారు. కచ్చితంగా తెలుసుకోలేకపోతే పోనీ, అనుమానించడం నేర్చుకోండి. పొరపాటున బతికున్నవాణ్ణి చచ్చాడని అనుమానించినా ఫర్వాలేదు, చివరికి సర్దుకుంటే చాలు. ఆఫీసులో మా సర్వర్లు క్షణక్షణం ఒకదాన్నొకటి అనుమానించుకుంటూనే ఉంటాయి. ఇంటికొచ్చేసరికి ఆ అనుమానం ఎందుకు పోయిందో!

మన దగ్గర ఇలాంటివి చేసినవాళ్ళు ఎలా చేశారో కూడా చూశా. హైదరాబాదు ఐఐఐటీలో పి. కృష్ణారెడ్డి గారని ప్రొఫెసరు. ఆయన సొంత పరిశోధన డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసుల్లో లాకుల మీద. అలాంటాయన 2004లో ఈ-సాగు అని మొదలుపెట్టారు. వరంగల్ జిల్లాలో మూడు ఊళ్ళు, వెయ్యి పైన పత్తి చేలు. ఊర్లో ఉండే మనిషొకరు చేలన్నీ తిరిగి ఫోటోలు తీసి, సీడీలకెక్కించి కొరియర్లో హైదరాబాదు పంపేవారు. అక్కడ వ్యవసాయ నిపుణులు చూసి ఏ చేనుకి ఆ చేనుకి సలహా తిరిగి పంపేవారు. కొరియర్లో సీడీలు! అప్పట్లో విన్నప్పుడు నవ్వుకున్నా. ఇప్పుడు చూస్తే తెలివంతా అక్కడే ఉందనిపిస్తోంది. రైతు అడగాల్సిన పన్లేదు, క్రమం తప్పకుండా ఒక మనిషి చేనికొస్తాడు. సీడీ రాకపోతే రాలేదని అవతలివాళ్ళకి తెలుస్తుంది, ఎందుకంటే బల్ల మీద సీడీ లేదు కాబట్టి. ఏమీ రాకపోవడం వాళ్ళకి కంటికి కనపడేది. నా పేజీలో అది పచ్చగా కనపడేది.

ఇంకోటి, 2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులతో చేసింది. ముప్పయ్యేళ్ళ వాతావరణ డేటా మీద మోడల్ నడిపి, విత్తనం ఎప్పుడు వేయాలో తెలుగులో ఎస్సెమ్మెస్ పంపారు. స్మార్టుఫోను కూడా అక్కర్లేదు. జూన్ మొదట్లోనే వేసేవాళ్ళని నెలాఖరు దాకా ఆగమన్నారు. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని వాళ్ళ లెక్క. ఆ శాతం సంగతి అలా ఉంచి నాకు నచ్చింది వేరే. ఆ ఎస్సెమ్మెస్ రాకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు, రైతు ఎప్పట్లాగే తన అలవాటు ప్రకారం విత్తుకుంటాడు. మోడలు నోరు మూసుకున్నా రైతు ముందు ఎక్కడున్నాడో అక్కడే ఉంటాడు. నేను చేసింది దానికి తిరగేసి. నా డబ్బా ముందు నాయన అలవాటుని తీసేసింది, తర్వాత తనూ నోరు మూసుకుంది.

మా తీరానికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చాక సునామీ అల మన ఒడ్డుకి చేరడానికి రెండు గంటల పైనే పట్టింది. చెప్పే ఏర్పాటే లేదు. 2007 అక్టోబర్లో హైదరాబాదు ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం మొదలైంది. దాని కోసం సముద్రం అడుగున నీటి బరువు కొలిచే పరికరాలు, పైన బోయాలు పెట్టారు. ఈ బోయాలు సునామీ వస్తేనే మాట్లాడేవి కావు. ఏమీ లేని రోజు కూడా నియమంగా రీడింగులు పంపుతూనే ఉంటాయి. ఏదైనా తేడా వస్తే ఎక్కువసార్లు పంపుతాయి, అంతే. ఏమీ జరగనప్పుడు కూడా మాట్లాడుతూ ఉంటేనే, మాట ఆగిపోయిన రోజు ఆగిపోయిందని తెలుస్తుంది.

రాజ్ రెడ్డి గారి పాత స్పీచ్ పేపర్లు కూడా మళ్ళీ చదివా. (కాటూరు, శ్రీకాళహస్తి పక్కన. 1994 ట్యూరింగ్ అవార్డు. మా ఊరికి దగ్గరివాడే అని మేం చెప్పుకుంటుంటాం, ఆయనకి మనుబోలు తెలుసో లేదో మరి :-)) డెబ్భైల్లో కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం చేసిన హియర్‌సే-2లో ఒక నల్లబల్ల ఉంటుంది. శబ్దం తెలిసిన ప్రోగ్రాము, మాటలు తెలిసిన ప్రోగ్రాము, వాక్యం తెలిసిన ప్రోగ్రాము, ఎవరి ఊహ వాళ్ళు ఆ బల్ల మీద రాస్తారు. ప్రతి ఊహ పక్కనా దాన్ని ఎంత నమ్మొచ్చో ఒక అంకె కూడా ఉంటుంది. నమ్మకం అంకె లేకుండా బల్ల మీద ఏదీ రాయకూడదు. నా పచ్చచుక్క పక్కన ఆ అంకె ఉండి ఉంటే 2:40కి ఎంతుండాలి?

సరే, మళ్ళీ కట్టా. ఈసారి పెద్ద తెలివితేటలేం పెట్టలేదు. త్రీఫేజులో ఏ ఒక్క ఫేజు పోయినా పట్టుకునే రిలే గూడూరులో ఎలక్ట్రికల్ షాపులో దొరికింది, మెషీన్ లెర్నింగ్ కోసం నేను పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. దానికి బ్యాటరీ మీద నడిచే సైరన్, గట్టు మీదే. నెట్‌వర్కుతో పనిలేదు, ముంబైలో ఉన్న సర్వరుతో అసలే పనిలేదు. నిర్ణయం తీసుకునేది గుంట పక్కనే ఉండాలని అర్థమవడానికి ఆరు లక్షలు పట్టింది. సర్వరు వైపు నియమం తిరగరాశా. డబ్బా పది నిమిషాలకోసారి పలకాలి, మూడుసార్లు పలక్కపోతే రెండు ఫోన్లూ మోగుతాయి. ఫోన్లో అంకె పాతబడేకొద్దీ వెలిసిపోతుంది. ఇరవై నిమిషాలు దాటితే చుక్క తీసేసి "తెలియదు" అని రాస్తుంది. ఆ "తెలియదు" అనే మాట స్క్రీను మీద పెద్ద అక్షరాల్లో పెట్టడానికి నా చెయ్యి ఎందుకు అంత మొరాయించిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటా. మోడల్ని తీసేయలేదు గానీ, ముసురు రోజుల్లో అది చెప్పే అంకెని చూపించడం మానేశా.

ఇవన్నీ చూపిస్తే నాయన అంతా విని, "నేను రెండింటికి పోవడం మానను" అన్నాడు. వద్దని చెప్పే ముఖం నాకు లేదు. కానీ ఆయనే ఇంకో మాట అడిగాడు. "నేను వచ్చినట్టు నీకెట్టా తెలస్తది?"

అలా పుట్టింది బటను. డబ్బా పక్కన ఎర్రటి పెద్ద బటన్ ఒకటి. రాత్రి గట్టు చుట్టు తిరిగాక నాయన దాన్ని నొక్కుతాడు. నాకు చిన్న సందేశం వస్తుంది, చూసినా చూడకపోయినా. 2:45 లోపల నొక్కకపోతే మాత్రం నా ఫోను మోగుతుంది. ఇంటి నించి బండి మీద పావుగంట, చీకట్లో గట్టు, తడిస్తే జారే బంకమట్టి, అరవై తొమ్మిదేళ్ళ మనిషి. ఆ బటన్ దేనికోసమో మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. గుంటల కోసమే అన్నట్టు ఉంటాం.

కిందటేడాది డిసెంబర్లో ఒక రాత్రి మోగింది. 2:45. లేచి నాయనకి చేశా, ఎత్తలేదు. మళ్ళీ చేశా. అమ్మకి చేస్తే, "రెండింటికే పోయాడే" అంది, గొంతు మారిపోయింది. రీడింగులన్నీ వస్తున్నాయి, 4.6, 4.4, గుంటలు బ్రహ్మాండంగా ఉన్నాయి. నాకా క్షణాన ఆ అంకెలెందుకూ పనికిరాలేదు. కాపలా తాతకి చేశా. ఆరో రింగుకి ఎత్తాడు.

"ఈడనే ఉండాడయ్యా, టీ తాగతన్నాం. వాన కదా, గట్టు మీదకి పోనీలా నేను."

నాయన ఫోను తీసుకున్నాడు. ఆయన ఫోను బండి డిక్కీలో ఉందంట. "ఏంది అబ్బయా, బటన్ నొక్కలేదనా? వాన తగ్గినాక నొక్కతాలే. నువ్వు పండుకో."

"నొక్కు నాయనా. నొక్కినాక పండుకుంటా" అన్నా.

3:20కి సందేశం వచ్చింది. 3:21కి ఇంకోటి. 3:22కి ఇంకోటి. డబ్బాకి ఏమైందా అని మళ్ళీ కంగారు పడి ఫోన్ చేశా. ఈసారి మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏం కాలా. చేరిందో లేదోనని ఇంకో రెండుసార్లు నొక్కినా."